నడక వంతు

ఆదివారం పొద్దున పాత క్యాలెండర్ కాగితాలు నేల మీద పరిచి ఇంట్లో అందరి పాదాలూ గీసింది ఆమె. ముందు అత్తగారిని మంచం అంచున కూర్చోబెట్టి, కొద్దిగా వాచిన పాదం కిందికి కాగితం జరిపి, చుట్టూ పెన్సిల్ తిప్పింది. గిలిగింతలు పెడుతున్నావని ఆవిడ కాలు లాక్కుంటే బతిమాలి మళ్ళీ గీసింది. తర్వాత కూతురిది. పదహారేళ్ళ ఆ పిల్ల ఫోన్లోంచి తలెత్తకుండానే కాలు చాపింది. భర్త పేపరు చదువుతూ కుర్చీలోంచి లేవలేదు. ఆమే మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన పాదం ఎత్తి కాగితం మీద పెట్టుకుని, మడమ నుంచి బొటనవేలి దాకా గీత తెగకుండా గీసింది. ఇంకో కాగితం మిగిలింది. దాని మీద తన పాదం పెట్టి వంగింది గానీ, వంగేసరికి పాదం జరిగి గీత వంకర పోయింది. ఎవరైనా ఒక్క నిమిషం పెన్సిల్ పట్టుకుంటే సరిపోయేది. అడుగుదామని తలెత్తితే, భర్త పేజీ తిప్పుతూ టీ సంగతి ఏమైందన్నాడు.

ఇంకో పన్నెండు రోజుల్లో కొండ ఊరికి ప్రయాణం. నాలుగు రోజులు. ఇంట్లో నలుగురూ, వేరే ఊరి నుంచి ఆడపడుచూ ఆవిడ భర్తా, మొత్తం ఆరుగురు. వెళ్దామన్నది భర్త. ఊరు చెప్పింది ఆడపడుచు. ఆ తర్వాత ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. రైలు టికెట్లకి పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నది ఆమె, అత్తగారికి కింది బెర్తు రాకపోతే మూడుసార్లు మార్పించింది ఆమె, అద్దె ఇల్లు వెతికింది ఆమె. హోటల్లో గదులు తీసుకుందామని ఆమె అంటే, బయటి తిండి అమ్మకి పడదు, వంటగది ఉన్న ఇల్లయితే హాయిగా ఉంటుందని ఆడపడుచు ఫోన్లో అంది. ఎవరికి హాయి అని ఆమె అడగలేదు. అక్కడి చూడదగ్గ చోట్లన్నీ నడకదారులే అని చదివి, అందరికీ సరైన బూట్లు ఉండాలని అనుకున్నదీ ఆమే. అత్తగారికి మాత్రం ఇంట్లో జారకుండా ఉండే మెత్తటి చెప్పులు చాలు. నిరుడు స్నానాల గదిలో పడినప్పటి నుంచీ ఆవిడ కర్ర సాయంతో నాలుగు గదులు తిరిగితే ఎక్కువ.

అయితే బూట్లు అందరికన్నా ఎక్కువ అవసరమైంది ఆమెకి. ఆ సంగతి ఇంట్లో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో వార్డు వార్డుకీ తిరిగి రోగుల దగ్గర రక్తం తీసి పరీక్షల గదికి చేర్చడం ఆమె పని. మూడు అంతస్తులు. ట్రే పట్టుకుంటే లిఫ్టు కోసం ఆగే తీరిక ఉండదు. నాలుగు నెలలుగా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటోంది. పది అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది, మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. ఎముకల డాక్టరు ఒకరోజు వరండాలో ఆమె నడక చూసి, ఆపి, అక్కడే గోడకి ఆనించి మడమ నొక్కి చూశాడు. పాదం కింద నరంలాంటి పట్టీ వాచిందనీ, ఈ పల్చటి చెప్పులు పారేసి మంచి బూట్లు కొనుక్కోమనీ చెప్పాడు. పై అధికారి మాత్రం అదే వారంలో అందరి ముందూ, "ఈ మధ్య మెల్లగా నడుస్తున్నారు, వయసు మీద పడిందా?" అన్నాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. నలభై మూడేళ్ళు. ఇంట్లో చెప్పుకుందామంటే, ఒకసారి మడమ నొప్పిగా ఉందన్నప్పుడు, రోజంతా తిరిగే ఉద్యోగమని తెలిసే చేరావుగా అన్నాడు భర్త. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం బూట్ల షాపు ముందు భర్త కారాపి, తను దిగనన్నాడు. సెలవురోజు షాపుల్లో నిలబడటం తనవల్ల కాదు, ఇరవై నిమిషాల్లో వచ్చెయ్యమన్నాడు. కూతురు అసలు రానే లేదు. "నీకు తెలుసు కదమ్మా, నువ్వే తెచ్చెయ్" అంది. క్యాలెండర్ కాగితాలు సంచిలో పెట్టుకుని ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. షాపులో బూట్లు చూపించే ఆవిడ యాభై దాటిన మనిషి, మెడలో కొలత టేపు వేసుకుని ఉంది. కాగితాల మీది గీతలు చూసి, ఎవరు గీశారో గానీ బాగా గీశారంది. భర్తకి మడమ దగ్గర గట్టిగా పట్టుకునేవి, కూతురికి తేలికైనవి, అత్తగారికి రబ్బరు అడుగున్న చెప్పులు ఎంచేసరికి ఫోను రెండుసార్లు మోగింది. "మరి మీకు?" అని ఆవిడ అడుగుతుండగా మూడోసారి మోగింది. తర్వాత వస్తానని చెప్పి ఆమె డబ్బాలు ఎత్తుకుంది. కారులో కూర్చోగానే భర్త వాచీ చూపించాడు. నీకేమీ కొనలేదా అని అడుగుతాడేమోనని సిగ్నల్ దాకా ఎదురుచూసింది. ఆయన తన బూట్ల రంగు అడిగాడు.

బుధవారం డ్యూటీ దిగాక, ఇంటికి ఆలస్యమవుతుందని ఒక మెసేజ్ పెట్టి మళ్ళీ ఆ షాపుకే వెళ్ళింది. ఎందుకు ఆలస్యమో రాయలేదు. అది రాయకపోవడమే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించి, షాపు మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి చూసింది. సొంత జీతంతో బూట్లు కొనుక్కోవడానికి దొంగలా రావడమేమిటని తనని తనే తిట్టుకుంది.

షాపు ఆవిడ గుర్తుపట్టింది. సాయంత్రం రావడమే మంచిది, రోజంతా నడిచాక పాదం ఎంత ఉంటుందో అదే అసలు కొలత అంటూ స్టూలు మీద కూర్చోబెట్టింది. ఎంత సైజని అడిగితే ఆమె "ఐదు" అంది. ఆవిడ ఆమె పాదం వైపు ఒకసారి చూసి, కొలత పలక తెచ్చి నేల మీద పెట్టి, లేచి నిలబడి బరువు వెయ్యమంది. ఒక పాదం, తర్వాత రెండోది.

"ఏడమ్మా. ఎడమది ఇంకాస్త ఎక్కువే. వెడల్పు కూడా." ఆవిడ తలెత్తింది. "ఎన్నేళ్ళ నుంచి ఐదు వేసుకుంటున్నారు?"

ఎన్నేళ్ళో ఆమెకి సరిగ్గా తెలుసు. పెళ్ళయి కొత్తగా కాపురానికి వచ్చిన వారంలో, గుమ్మం దగ్గర విడిచిన ఆమె చెప్పులు చూసి ఆడపడుచు, "ఇవెవరివి, మగవాళ్ళెవరైనా వచ్చారా?" అని ఇల్లంతా వినిపించేలా అడిగింది. ఇంట్లో పది మంది ఉన్నారు. అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వి, నీకు చెప్పులు కాదు పడవలు కావాలన్నాడు. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు, సరదాగానే నవ్వారు. ఆమెకి అప్పుడు ఇరవై ఐదేళ్ళు. ఆ చెప్పులు మళ్ళీ వేసుకోలేదు. ఆరు కొనుక్కుంది, వేళ్ళు ముడుచుకుంటే పట్టాయి. ఇంకో రెండేళ్ళకి ఐదు, అదీ ముందు తెరిచి ఉన్న చెప్పులైతే సరిపోయాయి, మడమ కాస్త బయటికి వేలాడినా ఎవరూ వెనక నుంచి చూడరు కదా. గమ్మత్తేమిటంటే ఆడపడుచుదీ ఏడో నంబరే. ఆవిడ తన చెప్పులు ఎప్పుడూ ధైర్యంగా గుమ్మం మధ్యలోనే విడిచేది. ఆ ఇంటి ఆడపిల్ల పాదాలు ఎవరి కంటికీ పెద్దవిగా కనపడలేదు.

ఆడవాళ్ళ అరలో ఏడు ఉన్నాయి గానీ అంత వెడల్పువి లేవు. గులాబి రంగు జత ఒకటి వేసి చూస్తే చిటికెన వేలు నొక్కుకుంది. సాగుతాయిలెండి అని ఆమే అంది. బూటు సాగదు, మీ వేలే వంగుతుంది అని షాపు ఆవిడ విప్పించింది. బాగా పేరున్న కంపెనీ జత ఒకటి దూదిలా ఉంది, ధర చూసి ఆమె చేతిలోంచి కింద పెట్టేసింది. అప్పుడు ఆవిడ మగవాళ్ళ వైపు వెళ్ళి, నిరుటి రకం, సగం ధరకి ఇచ్చేస్తున్న జత ఒకటి తెచ్చింది. మట్టి రంగు. అందం ఏమీ లేదు. ముందు కాలి వేలికీ బూటు కొసకీ మధ్య తన చేతి బొటనవేలు పట్టేంత జాగా ఉందా అని నొక్కి చూసింది, వంచితే మధ్యలో కాకుండా వేళ్ళ దగ్గర వంగుతోందని చూపించింది, షాపు చివర ఉన్న మెట్లు ఎక్కి దిగమంది. ఆమె ఎక్కింది. దిగుతున్నప్పుడు మడమ లోపల జారలేదు. మూడోసారి ఎక్కి దిగాక, తను వేళ్ళు ముడుచుకోవడం లేదని తెలిసింది. ముడుచుకుని ఉన్నాయన్న సంగతే మర్చిపోయిన వేళ్ళు, బూటులో ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. కళ్ళు చెమ్మగిల్లితే, పై మెట్టు మీద గోడ వైపు తిరిగి నిలబడింది. షాపు ఆవిడ కింద నుంచి, తొందరేం లేదమ్మా, కావలసినన్ని సార్లు నడవండి అంది.

కొత్త బూట్లు ప్రయాణానికి ముందు వారం రోజులు ఇంట్లో వేసుకుని తిరగాలి, లేకపోతే కొండ మీద బొబ్బలెక్కుతాయని ఆవిడ చెప్పి పంపింది. గురువారం పొద్దున ఆమె బూట్లు వేసుకునే వంట చేసింది. భర్త గుమ్మంలో ఆగి కాసేపు చూశాడు. వంటింట్లో కొండెక్కుతున్నావా అన్నాడు. మగవాళ్ళ బూట్లలా ఉన్నాయేమిటన్నాడు. తర్వాత బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుంటూ, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నాడు: "అయినా నీకెందుకే అవి? అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా."

ఎవరో ఒకరు. ఆ మాట పట్టుకుని ఆమె ఆ రోజంతా వార్డులు తిరిగింది. ఎనిమిదేళ్ళ కిందట సముద్రం చూడటానికి వెళ్ళినప్పుడు అత్తగారికి ఎండ పడదని, ఎవరో ఒకరు ఉండాలన్నారు. సముద్రాన్ని ఆమె మూడో అంతస్తు కిటికీలోంచి చూసింది, ఆరేసిన తువ్వాళ్ళ మధ్య నుంచి. జలపాతానికి వెళ్ళినప్పుడు బ్యాగుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలన్నారు. జలపాతం చప్పుడు మాత్రం బాగా వినపడింది. కూతురికి జ్వరమొస్తే ఎవరో ఒకరు సెలవు పెట్టాలి, గ్యాసు మనిషి వస్తే ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, చుట్టాలొస్తే ఎవరో ఒకరు పొద్దున్నే లేవాలి. ఈ ఎవరో ఒకరిని ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, వేలు చూపించలేదు. చూపించి ఉంటే కాదనడానికి ఒక మనిషి దొరికేవాడు. అత్తగారిని ఒంటరిగా వదిలెయ్యాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నిరుడు ఆవిడ పడినప్పుడు లేవనెత్తింది ఆమే, ఆ భయం ఆమె చేతులకి ఇంకా ఉంది. ఉండాలి, నిజమే. ప్రతిసారీ ఒకరే ఎందుకు ఉండాలన్నదే ఆమె ప్రశ్న. ఆ ఆలోచనలోనే, మూడో అంతస్తులో ఒక రోగికి సూది గుచ్చాక దూది నొక్కి పట్టుకుని, ఆయన "చాలమ్మా, ఆగిపోయింది" అనేదాకా అలాగే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం ప్రయాణం కోసం పెట్టుకున్న ఫోను గ్రూపులో ఒక మెసేజ్ రాసింది. రాసి, చెరిపి, మళ్ళీ రాసింది. మొదటి రోజు అత్తయ్య దగ్గర నేను ఉంటాను, రెండో రోజు కొండ మీది చెరువుకి నేను వెళ్తాను, ఆ రోజు ఈయన ఉంటారు, మూడో రోజు వదిన ఉంటారు, నాలుగో రోజు అందరం కలిసి కారులో తిరుగుదాం. అంతే. ఐదు నిమిషాల్లో భర్త బొటనవేలు గుర్తు పెట్టాడు. ఆడపడుచు రెండు నవ్వు మొహాలు పెట్టింది, దాని కిందే తను కొన్న బూట్ల ఫోటో పంపింది. తెల్లవి, ముందు సన్నగా, చూడముచ్చటగా ఉన్నాయి. వేళ్ళు నొక్కుకుంటాయేమో వదినా, ముందే ఇంట్లో వేసుకుని చూడండి అని ఆమె రాసింది. దానికీ ఒక నవ్వు మొహం వచ్చింది.

మొదటి రోజు అనుకున్నట్టే గడిచింది. మిగతా నలుగురూ దగ్గర్లోని గుట్ట మీదికి వెళ్ళారు, ఆమె వండి, సర్ది, అత్తగారి మోకాళ్ళకి మందు రాసి, కిటికీ దగ్గర కూర్చుంది. కిటికీలోంచి పక్కింటి గోడా, దాని మీద మేఘం ముక్కా కనిపించాయి. వెళ్ళినవాళ్ళు సాయంత్రం ఆకలితో వచ్చారు. ఆడపడుచు గుమ్మంలోనే కూలబడి తెల్ల బూట్లు విప్పేసింది. రెండు మడమల మీదా బొబ్బలు చితికి ఎర్రగా ఉన్నాయి. వేణ్ణీళ్ళు పెట్టి, కడిగి, దూది అంటించింది ఆమే. ముందే చెప్పానుగా అని నాలుక చివరి దాకా వచ్చిన మాట మింగేసింది.

రెండో రోజు పొద్దున అందరికన్నా ముందు లేచింది. మధ్యాహ్నానికి కూడా సరిపడా వండి పెట్టింది. అత్తగారి మాత్రలు వేళ ప్రకారం చిన్న గిన్నెల్లో వేసి, ఏది ఎప్పుడో కాగితం మీద రాసి అద్దానికి అంటించింది. తర్వాత బయటి మెట్ల మీద కూర్చుని, మేజోళ్ళు ముడతలు లేకుండా లాక్కుని, బూట్లు వేసుకుని లేసులు కట్టింది. గాలి చల్లగా ఉంది. దారి మొదట్లో జనం ఒకరిద్దరు కర్రలు పట్టుకుని వెళ్తున్నారు. చిన్నప్పుడు స్కూలు విహారయాత్ర రోజు పొద్దున ఉన్నట్టు ఉంది ఆమెకి.

ఆడపడుచు కుంటుకుంటూ వచ్చి పక్కనే నిలబడింది. "మనిద్దరిదీ ఒకటే సైజు కదూ. ఆ బూట్లు నాకివ్వు, నా వాటితో నడవలేను. నువ్వెలాగూ అమ్మ దగ్గరేగా."

అడిగినట్టు కాదు, పప్పు గిన్నె ఇటు జరపమన్నట్టు అంది. ఆమె తలెత్తేలోపు వెనక భర్త వచ్చాడు, భుజాన సంచి, కాళ్ళకి ఆమె ఎంచిన బూట్లు. ఇచ్చెయ్, సాయంత్రానికి మళ్ళీ నీవేగా అన్నాడు. ఆడపడుచు భర్త మేఘాల వైపు చూస్తున్నాడు. కూతురు అప్పటికే గేటు దగ్గర ఉంది. అక్కడి నుంచే, చిరాగ్గా, "ఇచ్చెయ్యమ్మా, లేటవుతోంది" అంది.

ఆమె చేతులు లేసు మీదికి వెళ్ళాయి. అలవాటైన చేతులు, ఎవరూ చెప్పకుండానే వెళ్ళాయి. కుడి బూటు ముడి విప్పేశాయి కూడా. అప్పుడు కూతురి మాట చెవిలో రెండోసారి మోగింది. భర్త మాట కొత్తది కాదు, ఆడపడుచు మాట కొత్తది కాదు. ఈ పిల్లకి ఎవరు నేర్పారు? అమ్మ దగ్గర ఏముంటే అది ఎవరడిగినా ఇచ్చెయ్యాలని, ఇవ్వడానికి ఆలస్యం చేస్తే విసుక్కోవచ్చని, దీనికి ఎవరు చెప్పారు? తండ్రి చెప్పలేదు. అత్త చెప్పలేదు. పదహారేళ్ళుగా రోజూ కళ్ళ ముందు చూసింది. కోడిగుడ్డు రెండో సగం ఇచ్చేసిన అమ్మని, కిటికీ సీటు ఇచ్చేసిన అమ్మని, తన సెలవులు ఇచ్చేసిన అమ్మని చూసి చూసి నేర్చుకుంది. నేర్పింది నేనే అనుకుంది ఆమె. రేపు దాని కాళ్ళ దగ్గర కూడా ఎవరో వచ్చి నిలబడతారు. అప్పుడు ఇది ఏం చేస్తుంది? విప్పిన లేసు రెండు కొసలూ పట్టుకుని మళ్ళీ బిగించింది. నెమ్మదిగా, రెండు ముళ్ళు వేసింది.

"ఇవ్వను వదినా," అంది.

ఆడపడుచు వినపడనట్టు చూసింది. భర్త సంచి కిందికి దించాడు. ఆమె లేచి నిలబడి ఆయన వైపు తిరిగి, ఇవాళ అత్తయ్య దగ్గర ఉండే వంతు మీదండి, వారం ముందే రాసి పంపాను, మీరు సరే అన్నారు అంది. అది నిజంగా రాశావా, ఏదో సరదాకి అనుకున్నానన్నాడాయన. తర్వాత ఆయన మొహం ఎర్రబడింది. అక్క ముందు, బావ ముందు మాట పడ్డానన్న సంగతి అప్పుడే తట్టినట్టుంది. రోజంతా ఆసుపత్రిలో నడుస్తావు, సెలవుల్లో కూడా నడవాలనే పిచ్చేమిటి నీకు అన్నాడు. ఒక జత బూట్ల కోసం ఇంత రాద్ధాంతం అవసరమా అని ఆడపడుచు అందుకుంది. పెద్దదాన్ని అడిగానే, కాదనడానికి నోరెలా వచ్చిందంది. అన్నీ వింటూ ఆమె అక్కడే నిలబడింది. ఇదివరకైతే రెండో మాటకే కళ్ళనీళ్ళు వచ్చేవి, కళ్ళనీళ్ళు రాగానే ఓడిపోయేది. ఇవాళ కాళ్ళ కింద నేల గట్టిగా తగులుతోంది. ఏ మాటకీ జవాబివ్వకపోయినా నిలబడవచ్చని ఆమెకి కొత్తగా తెలిసింది.

లోపల నుంచి కర్ర చప్పుడైంది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు.

"వాడుంటాడులే," అన్నారావిడ. "దీని మొహం రోజూ చూసేదేగా. ఇవాళ నా కొడుకు మొహం చూస్తాను."

ఆ మాట తన పక్షాన అన్నదో, రోజూ నీ మొహమేనని విసుక్కున్నదో ఆమెకి తేలలేదు. తేల్చుకోవాలనీ అనిపించలేదు. భర్త సంచి మెట్ల మీద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆడపడుచు కూడా ఆగిపోయింది. చివరికి దారి పట్టింది ముగ్గురు: ముందు ఆడపడుచు భర్త, ఆయన వెనక కూతురు, అందరికన్నా వెనక ఆమె.

మొదటి గంట దారంతా ఎక్కుడే. కూతురు వెనక్కి తిరగకుండా నడుస్తోంది. బిగుసుకున్న ఆ భుజాలు చూస్తే, నాన్నని అందరి ముందూ అవమానించావన్న మాట వాటి మీద రాసి ఉన్నట్టే ఉంది. సాయంత్రం తిరిగి వెళ్ళాక ఏమవుతుంది, రైల్లో ఎలా కూర్చుంటాం, ఇంటికి వెళ్ళాక ఎన్నాళ్ళు మాటలుండవు అని ఆమె మనసు ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోయింది. అంతలో ఒక మలుపులో రాళ్ళు వచ్చి, ఎక్కడ అడుగు వెయ్యాలో చూసుకోవలసి వచ్చింది. రాయి, వేరు, తడి మట్టి, రాయి. చూసుకుంటూ వేస్తూ, చాలాసేపటికి గానీ గమనించలేదు, తను ఎవరి గురించీ ఏమీ ఆలోచించకుండా ఇరవై నిమిషాలు నడిచింది. మడమలో నొప్పి ఉంది. మేకులా కాదు, ఎవరో వేలితో నొక్కి పట్టుకున్నట్టు. భరించగలిగిందే.

కొండ అంచున చెక్క కంచె వేసిన చోటు వచ్చింది. అక్కడి నుంచి కింద చెరువు కనిపిస్తోంది, చెట్ల మధ్య పడేసిన అద్దం ముక్కలా. ఆడపడుచు భర్త ఎగశ్వాసతో బెంచీ మీద కూర్చుని, అదిగో చెరువు, చూసేశాం, ఫోటోలు తీసుకుని వెనక్కి పోదామన్నాడు. కిందికి దిగితే మళ్ళీ ఎక్కాలి, తనవల్ల కాదన్నాడు. కంచె పక్కన చిన్న గేటు, దాని దగ్గర పుస్తకం పెట్టుకుని కాపలాదారు ఒకాయన. అక్కడి నుంచే చెరువు దారి.

అప్పుడే ఆమె ఫోను మోగింది. భర్త. అమ్మ అన్నం సరిగ్గా తినలేదనీ, ఎప్పుడు బయల్దేరుతున్నారనీ అడిగాడు. గొంతులో కోపం కన్నా బెదురు ఎక్కువ ఉంది. ఆవిడతో పాటు మీరు కూడా కూర్చుని తినండి, ఒంటరిగా పెడితే తినరు అని ఆమె చెప్పింది. ఎప్పుడొస్తారన్న దానికి, మీ బావగారు ఇప్పుడు బయల్దేరుతున్నారంది. నువ్వో అని ఆయన అడిగాడు. చెరువు దాకా వెళ్ళి వస్తానని చెప్పి ఫోను పెట్టేసింది.

కూతురు కంచెకి ఆనుకుని ఇటే చూస్తోంది. పొద్దున్నుంచీ మొదటిసారి తల్లి మొహం చూసింది. తర్వాత చూపు కిందికి దించి ఆమె పాదాల మీద ఆపింది. ఎడమ కాలు మీద బరువు పడకుండా కొద్దిగా వంగి నిలబడటం కనిపించినట్టుంది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"ఉంది."

"ఎప్పటి నుంచి?"

"నాలుగు నెలల నుంచి."

పిల్ల తనకి ఆకలిగా ఉందనీ, మామయ్యతో వెళ్ళిపోతాననీ చెప్పి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి తన నీళ్ళ సీసా తల్లి చేతికిచ్చింది. సగానికి పైగా ఉంది. ఆమె వద్దనలేదు. తీసుకుంది.

వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా చూసి, గేటు దగ్గరికి వచ్చింది. కాపలాదారు పుస్తకం తెరిచి, పెన్ను ఆమె వైపు తిప్పి ఇచ్చి, ఒక్కరేనా అని అడిగాడు. ఔనని సంతకం పెట్టింది. ఆయన ఆమె వెళ్ళవలసిన దారి వైపూ, ఆ ఇద్దరూ వెళ్ళిన దారి వైపూ మార్చి మార్చి చూశాడు.

"దిగి ఎక్కేసరికి మూడు గంటలు పడుతుందమ్మా. మీవాళ్ళు ఎదురుచూస్తారేమో."

"చూస్తారు," అంది ఆమె గేటు తోస్తూ. "చూడనివ్వండి."